ఊరంతా భుజాలు తడుముకుంటే అసలు దొంగ ఎవరు? మిడ్‌సమర్ మర్డర్స్ మొదటి ఎపిసోడ్ గురించి

మీ ప్రశ్నను కుదించి చెబితే ఇదీ: "బ్రిటిష్ డిటెక్టివ్ సీరియల్ మిడ్‌సమర్ మర్డర్స్ మొదటి ఎపిసోడ్ చూశాను. చివర్లో హంతకులెవరో తెలిశాక మోసపోయినట్టు అనిపించింది. ముందు ఒక్క క్లూ కూడా ఇవ్వకుండా ఆఖర్న బాంబు పేలిస్తే అది డిటెక్టివ్ కథ ఎలా అవుతుంది? పైగా అంత చిన్న పల్లెలో ప్రతివాడూ నేరం చేసినవాడిలా నసగడం అతి కాదా?"

ఇరవై ఏళ్లుగా టీవీకి స్క్రిప్టులు రాసి పొట్ట పోసుకుంటున్నవాణ్ని. ఈ ఎపిసోడ్‌ను పని కోసమూ, సరదాగానూ చాలాసార్లు చూశాను. మీకు మోసం జరగలేదని నా అభిప్రాయం. క్లూ మొదటి కొన్ని నిమిషాల్లోనే మీ కళ్లముందు పెట్టారు. మీరు చూశారు కూడా. కాకపోతే దాన్ని సీనరీ అనుకుని వదిలేశారు. ఎపిసోడ్ చూడనివాళ్లు మాత్రం ఇక్కడే ఆగిపోండి, కింద గుట్టంతా విప్పేస్తున్నాను.

ముందు నేపథ్యం నాలుగు ముక్కల్లో. 'ది కిల్లింగ్స్ ఎట్ బ్యాడ్జర్స్ డ్రిఫ్ట్' అనే ఈ ఎపిసోడ్ బ్రిటన్‌లో ఐటీవీ ఛానెల్‌లో 1997 మార్చి 23న వచ్చింది. కారొలిన్ గ్రాహమ్ 1987లో రాసిన నవల దీనికి ఆధారం. ఇన్‌స్పెక్టర్ బార్నబీ కథల్లో అదే మొదటిది. ఆంథనీ హోరోవిట్జ్ స్క్రీన్‌ప్లే రాశాడు, జెరెమీ సిల్బర్‌స్టన్ దర్శకత్వం వహించాడు. బార్నబీగా జాన్ నెటిల్స్, అతని సార్జెంట్ ట్రాయ్‌గా డేనియల్ కేసీ. మిడ్‌సమర్ అనే కౌంటీ మ్యాపులో ఎక్కడా ఉండదు. బకింగ్‌హామ్‌షైర్, ఆక్స్‌ఫర్డ్‌షైర్ పల్లెల్లో తిరుగుతూ తీసి, అన్నీ ఒకచోటే ఉన్నట్టు అతికించారు.

ఇక ఆ మొదటి నిమిషాల సంగతి. ఎమిలీ సింప్సన్ అనే పెద్దావిడ ఒంటరిగా అడవిలోకి వెళ్తుంది. ఒక అరుదైన ఆర్కిడ్ పువ్వు కోసం. ఆమెకూ ఆమె స్నేహితురాలు లూసీ బెల్‌రింజర్‌కూ ఆ పువ్వును ఎవరు ముందు చూస్తారా అని పందెం. ఎమిలీకి పువ్వు దొరుకుతుంది. అక్కడే రహస్యంగా కలుసుకున్న ఒక జంట కూడా కళ్లబడుతుంది. హడలిపోయి ఇంటికి పరుగెత్తుతుంది. ఆ తర్వాత చూస్తే శవమై ఉంటుంది. ముసలావిడ కదా, ఏదో అయి పోయిందిలే అని ఊరు ఊరుకుంటుంది. లూసీ మాత్రం ఊరుకోదు, పోలీసుల వెంటపడుతుంది.

ఈ ఆర్కిడ్ దగ్గర కాసేపు ఆగాలి. నాకు ఎపిసోడ్ మొత్తంలో బాగా నచ్చిన పనితనం ఇదే.

నవలలో ఆ పువ్వు గోస్ట్ ఆర్కిడ్. దానికి ఆకులుండవు. పచ్చదనం ఉండదు కాబట్టి ఎండతో తిండి వండుకోలేదు, నేలలోని బూజు మీద బతుకుతుంది. పాలిపోయిన రంగులో జానెడు కాడ, దానికి తలవంచుకున్న రెండు మూడు పూలు. ఏళ్ల తరబడి మట్టిలోనే ఉండిపోయి, ఎప్పుడో ఒకసారి ఎండాకాలం చివర బయటికొస్తుంది. బీచ్ చెట్ల కింద (సముద్రం ఒడ్డు కాదు, ఆ చెట్టు పేరే బీచ్) నీడ చిక్కగా ఉండి, రాలిన ఆకులు మెత్తగా పరుచుకున్నచోట మొలుస్తుంది. ఇంకే మొక్కా బతకనంత చీకటి చోటు దానికి ఇష్టం. బ్రిటన్‌లో దాన్ని మొదట 1854లో హెర్ఫర్డ్‌షైర్‌లో చూశారు. 2005లో ఇక లేదు, అంతరించిందని తేల్చేశారు. 2009లో అదే కౌంటీలో ఒక్క మొక్క కనిపించింది. తర్వాత మళ్లీ 2024లో. చూసినవాళ్లు ఆ చోటు ఎక్కడో బయటికి చెప్పరు, చెబితే జనం తొక్కేస్తారనో తవ్వుకుపోతారనో భయం.

ఇప్పుడు రచయిత వైపు నుంచి చూడండి. ఒక పెద్దావిడ, చూడకూడనిది చూడాలి. ఎక్కడ చూస్తుంది? కుక్కను తిప్పడానికి వెళ్తూ చూసిందంటే కుదరదు, కుక్కను తిప్పేవాళ్లు కాలిబాట వదలరు. రహస్యంగా కలుసుకునేవాళ్లు కాలిబాట పక్కన కలుసుకోరు. కాబట్టి బాట వదిలి, పొదలు దాటి, ఎవరూ అడుగుపెట్టని నీడలోకి ఆవిడ తనంతట తాను వెళ్లాలి. ఎందుకు వెళ్తుంది? ఆ నీడలో తప్ప ఇంకెక్కడా పూయని పువ్వు కోసం. ఆ పువ్వూ ఆ జంటా ఒకే కారణంతో ఒకే చోటికి చేరాయి, ఇద్దరికీ కావలసింది చీకటే. చాలా స్క్రిప్టుల్లో "అనుకోకుండా అటువైపు వెళ్లగా" అని దాటేస్తాం. ఇక్కడ ఆ "అనుకోకుండా"ను పూర్తిగా తీసేశారు.

లూసీ పట్టుదలకు కారణం కూడా ఆ పువ్వులోనే ఉంది. పందెం గెలిచిన మనిషి స్నేహితురాలి దగ్గరికి పరుగెత్తుకొచ్చి గొప్పలు చెప్పుకోవాలి. చెప్పలేదంటే, అంతకంటే పెద్దది ఏదో ఆవిడ బుర్రలోంచి ఆ పువ్వును తోసేసి ఉండాలి. ఒక పోలీసు ఫైలు తెరవడానికి ఇది చాలదనిపించవచ్చు. కానీ ఒకే ఊళ్లో ఏళ్ల తరబడి పక్కపక్కన బతికిన ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఇది గట్టి సాక్ష్యమే. రోసలీ క్రచ్లీ లూసీ పాత్ర వేసిన తీరు చూడండి, ఎక్కడా కన్నీళ్లు పెట్టుకోదు. కోపంగా ఉంటుంది. "నన్ను ముసలిదాన్ని అని తోసిపుచ్చకు" అన్న కోపం ఆ మొహంలో కనిపిస్తుంది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు నేరుగా వస్తాను. అడవిలో ఒక జంట ఉందని మనకు మొదట్లోనే తెలుసు. ఎవరో తెలీదు. ప్రేక్షకుడు వెంటనే "ఎవరి అక్రమ సంబంధం?" అని వెతకడం మొదలుపెడతాడు. ఎపిసోడ్ కూడా మనల్ని ఆ దారికే తోస్తుంది. డాక్టరు భార్య వ్యవహారం ఒకటి బయటపడుతుంది. హమ్మయ్య దొరికింది అనుకుంటాం.

అక్కడే ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. 1997లో, ఇంగ్లండ్‌లో, భార్యాభర్తల మధ్య మూడో మనిషి ఉన్నాడన్న సంగతి దాచడానికి ఎవరైనా ఒక ముసలావిడను చంపుతారా? ఊరు నాలుగు రోజులు చెవులు కొరుక్కుంటుంది. మహా అయితే విడాకులు. చంపేటంత విషయం కాదది. అంటే అడవిలో కనిపించినది మామూలు అక్రమ సంబంధం కాదు. దాచిన రహస్యానికీ దాన్ని కాపాడటానికి చేసిన పనికీ మధ్య పొంతన కుదరకపోవడమే ఆ క్లూ. అది చెట్టుకు కట్టిన రిబ్బనులా కంటికి కనబడే క్లూ కాదు. త్రాసులో తూచి చూస్తేనే తేలే క్లూ. తూకం కుదరాలంటే సంబంధం ఎంత ఘోరమైనదై ఉండాలి, దానివల్ల పోయేది ఎంత పెద్దదై ఉండాలి అని అడిగితే మీకు రెండే ఇళ్లు మిగులుతాయి. ఒకటి చక్రాల కుర్చీలో ఉండే ఆస్తిపరుడు హెన్రీ ట్రేస్ ఇల్లు. రెండోది అతణ్ని పెళ్లాడబోతున్న కేథరీన్ లేసీకి, ఆమె తోడబుట్టిన మైకేల్‌కు చెందిన కాటేజీ. అడవిలో ఉన్నది ఆ తోబుట్టువులిద్దరే. ఇంగ్లండ్‌లో 1908లో చట్టం చేసినప్పటినుంచి తోబుట్టువుల మధ్య అలాంటి సంబంధం జైలుకు పంపే నేరం. బయటపడితే పెళ్లీ పోతుంది, ఆస్తీ పోతుంది, ఊళ్లో తలెత్తుకోవడమూ పోతుంది.

కేథరీన్‌గా ఎమిలీ మార్టిమర్, మైకేల్‌గా జొనాథన్ ఫర్త్ కలిసి కనిపించే సీన్లు రెండోసారి చూడండి. మొదటిసారి అవి తోబుట్టువుల మధ్య చిటపటల్లా ఉంటాయి. రెండోసారి ఇంకోలా ఉంటాయి. డైలాగులు మారవు కదా, మారేది మనకు తెలిసిన సంగతి.

ఇక ఊరంతా నసగడం గురించి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అంటాం. పల్లె మిస్టరీ అంతా ఆ సామెత మీదే నడుస్తుంది, చిన్న మెలికతో. బార్నబీ ఒక గుమ్మడికాయ గురించి అడుగుతాడు. ఊళ్లో పదిమంది భుజాలు తడుముకుంటారు. వాళ్లంతా దొంగలే, కాకపోతే ఒక్కొక్కరిదీ వేరే వేరే గుమ్మడికాయ. ఒకరిది డబ్బు, ఒకరిది పడకగది, ఒకరిది పాత ప్రమాదం. అందుకే అందరూ నిజంగానే భయపడతారు, నటులు ఎక్కడా దొంగ భయం నటించక్కర్లేదు. దీన్ని అతి అనుకుంటే అనుకోండి. నా లెక్కలో మాత్రం రెడ్ హెర్రింగ్‌ను, అంటే ప్రేక్షకుణ్ని తప్పుదారి పట్టించే అనుమానాన్ని, నిజాయితీగా పెట్టే పద్ధతి ఇదొక్కటే. ఏ రహస్యమూ లేని మనిషి చేత ఊరికే అనుమానంగా ప్రవర్తింపజేస్తే, అదీ మోసమంటే.

నేనూ ఒకసారి ఇలాంటి పల్లె హత్య కథ రాసి దెబ్బతిన్నాను. అసలు క్లూను మూడో భాగంలో ఒక చిన్న వంటింటి సీన్లో పెట్టాను. అత్తగారు ఒక గ్లాసు ఎక్కువ కడుగుతుంది, అంతే. ప్రకటనలకు చోటు చాలక ఎడిటింగులో రెండు నిమిషాలు కోయాల్సి వచ్చింది. "కథ నడవట్లేదు ఇక్కడ" అని ఆ సీనే కోశారు, నాకు చెప్పలేదు. ఎపిసోడ్ ప్రసారమయ్యాక మీలాగే చాలామంది "క్లూ ఏదీ?" అని తిట్టారు. వాళ్లు తిట్టింది న్యాయమే. అప్పటినుంచి నాకొక అలవాటు. ప్రాణమున్న క్లూను ఎవరూ కోయలేని చోట పెడతాను. బ్యాడ్జర్స్ డ్రిఫ్ట్‌లో దాన్ని ప్రారంభ సీన్‌లోనే పెట్టారు, దాన్ని కోస్తే కథే లేదు.

రెయిన్‌బర్డ్ తల్లీకొడుకుల గురించి చెప్పకుండా వదిలితే పాపం తగులుతుంది. ఐరిస్ రెయిన్‌బర్డ్‌గా ఎలిజబెత్ స్ప్రిగ్స్, కొడుకు డెనిస్‌గా రిచర్డ్ కాంట్. కొడుకు అంత్యక్రియల వ్యాపారి. ఇద్దరూ ఊరిని ఒక టీవీ ఛానెల్‌లా చూస్తుంటారు. ఎవరు ఎవరింటికి ఎప్పుడు వెళ్లారు, ఎంతసేపు ఉన్నారు, అన్నీ వాళ్ల దగ్గర లెక్క ఉంటుంది. తర్వాత ఆ లెక్కను బ్లాక్‌మెయిల్ చేసి సొమ్ము చేసుకుంటారు. పోలీసులు వాళ్లింట్లో కూర్చున్నప్పుడు ఆవిడ మర్యాద, ఆ తియ్యదనం, కొడుకును ముద్దు చేసే తీరు చూస్తుంటే నవ్వొస్తుంది, వెంటనే ఒళ్లు జలదరిస్తుంది. ఈ సీరియల్‌కు తర్వాత వచ్చిన పేరంతా ఆ గదిలోనే పుట్టిందని నేనంటాను. నవ్వు, రోత ఒకే పళ్లెంలో వడ్డించడం.

కథలో వాళ్ల స్థానం కూడా గమనించండి. ఎమిలీ చూడాలనుకోకుండా చూసింది, చచ్చిపోయింది. రెయిన్‌బర్డ్‌లు పనిగట్టుకుని చూశారు, అమ్ముకున్నారు, దారుణంగా చచ్చిపోయారు. అమాయకంగా చూసినా ఆశతో చూసినా ఆ ఊళ్లో చూసిన కళ్లకు ఒకటే శిక్ష. ఊళ్లోవాళ్లందరూ చూస్తుంటారు, ఎవరూ మాట్లాడరు. బార్నబీ పని చూడటం కాదు, చూసినవాళ్ల చేత మాట్లాడించడం. అందుకే అతనికి షెర్లాక్ హోమ్స్‌లా మెరుపు తెలివి ఇవ్వలేదు. ఓపిక ఇచ్చారు. ఇంట్లో భార్య జాయిస్ వంటను కిమ్మనకుండా తినే ఓపిక కూడా అందులో భాగమే. ఆవిడ వంట దారుణం, నవలల్లో అయితే మరీనూ.

ట్రాయ్‌ను మాత్రం టీవీవాళ్లు బాగా మెత్తబరిచారు. నవలలో అతనికి పెళ్లాం, పాప ఉంటారు. మనిషి కుళ్లుబోతు, మొరటు, తనలా లేనివాళ్లంటే పడదు. టీవీలో పెళ్లికాని కుర్రాడు. నోరు జారుతుంటాడు గానీ మనసు మంచిది, కారు మాత్రం భయంకరంగా నడుపుతాడు. ఏళ్లపాటు వారం వారం చూడాల్సిన మనిషిని మరీ చేదుగా పెట్టలేరు కదా. నష్టం ఏమిటంటే, నవలలో ట్రాయ్ కళ్లతో చూసినప్పుడు మనకు కలిగే ఇబ్బంది టీవీలో పోయింది.

మీరు అడగలేదు గానీ, చాలామందికి వచ్చే సందేహం ఇంకొకటి ఉంది. ఇంగ్లండ్ లాంటి దేశంలో ఒక మనిషి చనిపోతే, డాక్టరు ఒక ముక్క రాసిస్తే అయిపోతుందా? అప్పట్లో దాదాపు అంతే. నవలలో ఊరి డాక్టరు ఎమిలీది గుండె జబ్బుతో మరణం అని రాసేస్తాడు. చనిపోవడానికి ముందు 14 రోజుల్లోపు డాక్టరు ఆ పేషెంటును చూసి ఉంటే, చావులో అనుమానమేమీ లేదని అతనికి అనిపిస్తే, సర్టిఫికెట్ ఇచ్చేయవచ్చు. కరోనర్ (అనుమానాస్పద మరణాలను విచారించే అధికారి) దాకా వెళ్లే పనిలేదు. కథకు కావలసిన కంత ఇదే. ఈ ఎపిసోడ్ వచ్చిన మరుసటి ఏడాది, 1998లో, మాంచెస్టర్ దగ్గర హైడ్ అనే ఊళ్లో హెరాల్డ్ షిప్‌మన్ అనే డాక్టరును అరెస్టు చేశారు. 15 హత్యలకు 2000లో శిక్ష పడింది. తర్వాత జరిగిన విచారణలో అతను చంపినవాళ్లు దాదాపు 250 మంది అని తేలింది, అందులో ఎక్కువమంది పెద్దవయసు ఆడవాళ్లు. సర్టిఫికెట్లు రాసిందీ అతనే. కరోనర్‌కు వెళ్లని ప్రతి మరణాన్నీ ఇంకో స్వతంత్ర డాక్టరు పరిశీలించాలన్న నిబంధన ఇంగ్లండ్, వేల్స్‌లో పూర్తిగా అమల్లోకి వచ్చేసరికి 2024 సెప్టెంబర్ అయింది. కాబట్టి "ముసలావిడ చచ్చిపోతే ఎవరూ అడగరా?" అన్న ప్రశ్న కథ కోసం పుట్టించింది కాదు.

తర్వాతి ఎపిసోడ్లు చూస్తారేమో, ఒక హెచ్చరిక. ఈ గాంభీర్యం అలాగే ఉంటుందనుకోకండి. కారొలిన్ గ్రాహమ్ బార్నబీ నవలలు మొత్తం ఏడే. అందులో ఐదు టీవీకెక్కాయి. ఆ నిల్వ అయిపోయాక స్క్రిప్టులు సొంతంగా రాసుకోవడం మొదలైంది, హత్యలు విచిత్రంగా మారాయి. 2005 ఎపిసోడ్ ఒకదాంట్లో ఒక మనిషిని పచ్చికలో కట్టిపడేసి, పాతకాలపు రాళ్లు విసిరే యంత్రంతో వైన్ సీసాలు విసిరి చంపుతారు. 2013లో ఇంకొకరిని పెద్ద చీజ్ చక్రంతో. నాకు అవీ సరదాయే, అబద్ధమెందుకు. కానీ అక్కడ హత్య ఒక విందు ఐటమ్. బ్యాడ్జర్స్ డ్రిఫ్ట్‌లో ప్రతి చావుకూ ఒక లెక్క ఉంది.

పల్లె అంటే ఎవరి పల్లె అన్న గొడవ కూడా నడిచింది. 2011లో నిర్మాత బ్రయాన్ ట్రూ-మే ఒక ఇంటర్వ్యూలో, తమ సీరియల్‌లో తెల్లవాళ్లు తప్ప వేరేవాళ్లు కనిపించకపోవడాన్ని సమర్థించుకుంటూ, ఇంగ్లీషుదనానికి ఇదే చివరి కోట అన్నట్టు మాట్లాడాడు. పెద్ద రచ్చయింది, అతణ్ని పక్కన పెట్టారు, తర్వాత తప్పుకున్నాడు. ఆ సంగతి తెలిశాక మొదటి ఎపిసోడ్‌లోని ఆ ముచ్చటైన పెంకుటిళ్లను, పూలతోటలను చూస్తే కొంచెం ముల్లు గుచ్చుకుంటుంది. కథ మాత్రం ఆ ముచ్చటను నమ్మదు. ఆ తోటల వెనకే కదా అన్ని హత్యలూ జరిగేది.

అదే ఏడాది నెటిల్స్ 81 ఎపిసోడ్ల తర్వాత తప్పుకున్నాడు. నీల్ డడ్జన్ బార్నబీ కజిన్‌గా, ఇంకో బార్నబీగా వచ్చాడు. 2014లో వచ్చిన నూరో ఎపిసోడ్ కోసం డెన్మార్క్ దాకా వెళ్లారు. అందులో కోపెన్‌హాగన్‌లో విషానికి చచ్చిపోయే బిస్కెట్ల వ్యాపారి ఏ ఊరివాడో తెలుసా? బ్యాడ్జర్స్ డ్రిఫ్ట్.

టైటిల్ మ్యూజిక్ గురించి ఒక్కమాట. జిమ్ పార్కర్ కట్టిన వాల్ట్జ్‌లో (మూడు దెబ్బల తాళంలో నడిచే పాశ్చాత్య నాట్య సంగీతం) మనిషి మూలిగినట్టు జారిపోయే గొంతు ఒకటి వినిపిస్తుంది, ఆడమనిషి పాడుతోందేమో అనిపిస్తుంది. అది థెరెమిన్ అనే వాయిద్యం, వాయించింది సీలియా షీన్. దాన్ని చేత్తో ముట్టుకోరు, గాల్లో చేతులాడిస్తే పలుకుతుంది.

మళ్లీ చూసేటప్పుడు ఒక పని చేయండి. ఒక కాగితం దగ్గర పెట్టుకుని, బార్నబీ ఎవరిని ఏం అడిగినప్పుడు ఎవరు ఏ భుజం తడుముకున్నారో రాయండి. పక్కనే, ఆ గుమ్మడికాయ ఖరీదు ఎంతో కూడా రాయండి. గంట గడిచేసరికి మీ కాగితం మీద ఒక్క పేరు పక్కనే ఖాళీ మిగులుతుంది. కేథరీన్‌ది.